ఐదున్నర కిలోల అనుమానం

గిటారుకి కొత్త యాంప్లిఫయర్ ఇంటికి వచ్చిన రోజున మీటరాయన దాన్ని వాయించి చూడలేదు, ముందు తూకం వేశాడు. బాత్రూములో ఉన్న బరువు మిషన్ని హాల్లోకి లాగి, తానొక్కడే ఎక్కి ఒక అంకె చూసుకున్నాడు. తర్వాత ఆ పెట్టెను చంకలో ఇరికించుకుని ఎక్కి ఇంకో అంకె చూసుకున్నాడు. తేడా ఐదున్నర కిలోలు. నమ్మకం కుదరక దిగి మళ్ళీ ఎక్కాడు.

"పసిబిడ్డని తూచినట్టు ఎన్నిసార్లు తూస్తారండీ? పాలు తాగితే అదే పెరుగుతుందిలెండి," అంది భార్య వంటగదిలోంచి.

"ఇరవయ్యేడు కిలోల పాతది చేసే పని ఐదున్నర కిలోలది ఎలా చేస్తుంది? ఎక్కడో మోసం ఉంది," అన్నాడు మీటరాయన.

ఆయన తప్పు లేదు. ముప్పయ్యొక్కేళ్ళు కరెంటు ఆఫీసులో మీటర్లు తనిఖీ చేసిన మనిషి. మీటరు మీద అయస్కాంతం పెట్టి చక్రం తిరక్కుండా చేసినవాళ్ళను చూశాడు. సీలు తెంచి మైనంతో అతికించినవాళ్ళను చూశాడు. గోడలోంచి దొంగ వైరు లాగి, ఆ కన్నం మీద తమ పెళ్ళి ఫోటో తగిలించిన మొగుడూ పెళ్ళాలను కూడా పట్టుకున్నాడు. ఫోటోలో ఇద్దరూ నవ్వుతున్నారు కానీ ఫోటో కాస్త వంకరగా ఉంది, అంతే, అక్కడే ఆయనకు తగిలింది. ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయినా ఆ కన్ను మాత్రం రిటైరవలేదు. మీటరాయన అనే పేరు వీధిలో పుట్టి ఇంట్లోకి వచ్చి, చివరికి ఆయన వాయించే బృందంలో కూడా స్థిరపడిపోయింది.

గిటారు ఆయనకు పద్దెనిమిదో ఏట నుంచీ ఉంది. అది కొనిపెట్టింది అక్క. తండ్రి పోయాక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేస్తూ ఇల్లు నడిపిన మనిషి ఆవిడ. రోజంతా "లైనులో ఉండండి" అన్న గొంతుతోనే సాయంత్రాలు పాటలు పాడేది. "నువ్వు వాయించు, నేను పాడతా. బయటివాణ్ణి పెట్టుకుంటే వాడి చుట్టూ తిరగలేక చావాలి," అని తమ్ముణ్ణి కూర్చోబెట్టి నేర్పించింది. నలభై ఏళ్ళుగా ఇద్దరూ కలిసే వాయిస్తున్నారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు, ఒక పెద్ద హోటల్ కింది అంతస్తులో, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా టీ తాగేవాళ్ళ కోసం. బేస్ గిటారు వాయించేది పొడుగాయన. పగలంతా కట్టుడు పళ్ళు తయారు చేసే వర్క్‌షాపులో ఉంటాడు, మితభాషి. డ్రమ్ములు వాయించేది ఈత నేర్పే ఒక అమ్మాయి.

పాత యాంప్ గాజు వాల్వులది. వెలిగించిన కాసేపటికి ఎర్రబడి, వెనక నిలబడితే చలికాచుకోవచ్చన్నంత వేడెక్కేది. దాన్ని మోసి మోసి ఆయన ఎడమ భుజం కుడిదానికంటే ఒక వేలెడు కిందికి దిగింది. ఒక రోజు హోటల్లో లిఫ్టు పనిచెయ్యక సరుకులు మోసే మెట్లమీదుగా తీసుకెళ్తుంటే నడుములో ఏదో పట్టుకుంది. ఆయన మెట్ల మీద, యాంప్ ఆయన ఒళ్ళో, ఇద్దరూ అరగంట అలాగే ఉండిపోయారు. పొడుగాయన వచ్చి ముందు యాంప్‌ని, తర్వాత మనిషిని లేపాడు. ఆరు కిలోలకు మించి ఎత్తితే ఇంక తన దగ్గరికి రావద్దన్నాడు డాక్టరు.

"ట్రాన్సిస్టర్లవి చిన్న యాంప్‌లు వచ్చాయన్నా. ముప్పై వాట్లు. ఒంటిచేత్తో పట్టుకుని బస్సెక్కొచ్చు. ఊళ్ళు తిరిగేవాళ్ళంతా ఇప్పుడవే వాడుతున్నారు," అని చెప్పింది కూడా పొడుగాయనే. అంత తక్కువ మాట్లాడే మనిషి ఇన్ని మాటలు ఎందుకు మాట్లాడాడా అని మీటరాయనకు అప్పుడే ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది.

తూకం అయ్యాక స్క్రూలు విప్పాడు. లోపల అరచేతిలో పట్టేంత బోర్డు ఒకటి, ఒక స్పీకరు, మిగతాదంతా ఖాళీ. "సగం గాలే!" అని భార్యను పిలిచి చూపించాడు. "మీ బుర్రలో కూడా అంతేగా, అయినా పనిచెయ్యట్లా?" అని ఆవిడ వెళ్ళిపోయింది. ప్లగ్గు దగ్గర కరెంటు కొలిస్తే పాతది తాగేదాంట్లో పదో వంతు కూడా తాగడం లేదు. తక్కువ తాగుతూ ఎక్కువ పనిచేసే దేన్నీ ఆయన సర్వీసులో నిజాయితీపరుల ఇంట్లో చూడలేదు.

హోటల్లో మొదటిరోజు దాన్ని నేల మీద పెడితే చప్పుడంతా టేబుళ్ళ కాళ్ళకే పోయింది. అందుకని ఒక కుర్చీ మీద, అక్క నిలబడే చోటికి ఎడమపక్కన పెట్టాడు. గిటారు మోగింది. మీటరాయన తనకు తెలియకుండానే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వాయిస్తున్నారేమోనని. శుభ్రంగా, గలగలా, మూల టేబులు దాకా వినబడింది. "పిట్ట కొంచెం కూత ఘనం బాబాయ్," అంది డ్రమ్ములమ్మాయి. ఆయన తల ఊపాడు గానీ, పొగిడినవాళ్ళందరినీ ఒక్కొక్కరినే మనసులో రాసుకున్నాడు.

ఐదు గంటలకు పావుగంట విరామం. టీ తాగి వచ్చి వాయిస్తే గిటారు ముక్కు మూసుకున్నట్టు మూలిగింది. చూస్తే, ఏడు దగ్గర పెట్టిన ట్రెబుల్ మీట, చప్పుడుకి పదునిచ్చేది, మూడు దగ్గర ఉంది. తానే సరిగ్గా పెట్టలేదేమో అనుకుని తిప్పుకున్నాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ మూడు. ఆ మరుసటి వారం నాలుగు. పైగా పాటకూ పాటకూ మధ్య సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తోంది, దోమ చెవి దగ్గర తిరిగినట్టు. అక్క కూడా యాంప్ వైపు చూసి మొహం చిట్లించడం, మైకు నుంచి ఒక అడుగు పక్కకు జరగడం గమనించాడు. 'దీని గొంతు ఆవిడకీ నచ్చడం లేదు,' అనుకున్నాడు.

యాంప్‌ని తీసుకుని రిపేరు షాపుకు వెళ్ళాడు. రిపేరతను విప్పి, కొలిచి, రెండు గంటలు వాయించి చూసి మళ్ళీ మూసేశాడు.

"దీనికేం జబ్బు లేదండీ."

"మరి కరెంటు అంత తక్కువ తాగుతుందే?"

"మీ పాతది తాగిందంతా పాటకే పెట్టిందనుకున్నారా? ముప్పాతిక వంతు వేడికే తగలేసేది."

"ఈల?"

"ఈల దీంట్లోంచి రావట్లేదు."

"మీట దానంతటదే తిరుగుతోందయ్యా!"

రిపేరతను ఆ మీటను రెండు వేళ్ళతో తిప్పి చూపించాడు. "ఎంత బిగువుగా ఉందో చూడండి. ఇది దానంతటది తిరగదు. ఎవరో తిప్పితే తిరుగుతుంది."

అనుమానం పెనుభూతం అంటారు. ఆయన విషయంలో అది పెంపుడు జంతువు కూడా. ఇంటికి రాగానే భార్య గోళ్ళరంగు సీసా తీసి, మీట మీదా దాని పక్కన పెట్టె మీదా కలిసేలా ఒక సన్నని గీత గీశాడు. మీటరు సీళ్ళకు ఆయన చేసే పనే అది. మీట కదిలితే గీత విరుగుతుంది.

బుధవారం విరామం తర్వాత గీత విరిగి ఉంది.

ఇంక మిగిలింది ఎవరన్నదే. పొడుగాయన టీ గబగబా తాగేసి అందరికంటే ముందే లోపలికి వెళ్తాడు. నెల కిందట "నీ గిటారు కాస్త గుచ్చుతోందన్నా," అన్నదీ అతనే. ఈ యాంప్ కొనమన్నదీ అతనే. హోటల్ మేనేజరుతో వరండాలో ఏదో మాట్లాడుతూ తనను చూసి ఆపేశాడు కూడా. తనను తప్పించి ఇంకో గిటారాయన్ని తెచ్చుకునే ఏర్పాటా? మాట్లాడనివాడు, చాప కింద నీరు లాంటివాడు!

ఇంట్లో కూడా ఏదో నడుస్తోంది. భార్య నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ప్రతి మంగళవారం పొద్దున అక్కతో కలిసి ఎక్కడికో వెళ్తోంది. అడిగితే "దర్జీ దగ్గరికి" అంటుంది. నాలుగు మంగళవారాలు గడిచాయి, కొత్తబట్ట ఒక్కటీ ఇంటికి రాలేదు. ఒకసారి ఫోన్లో "పొడుగాయనకి తెలిసిపోయిందా వదినగారూ?" అంటూ ఆయన్ని చూసి, "ఆ, చక్కెర అరకిలో చాలు," అని పెట్టేసింది. తెలిసిపోవడమేమిటి? అందరూ ఒకటేనా?

తర్వాతి వారం శుక్రవారం నాడు, రెండుసార్లు మళ్ళీ గీసిన ఆ గీత మూడోసారి విరిగింది. మీటరాయన గిటారు మెడలో వేసుకోలేదు. టీ కప్పులు పట్టుకుని జనం కూర్చునే ఉన్నారు. ఆయన ముప్పయ్యొక్కేళ్ళ ఉద్యోగపు గొంతుతో అడిగాడు.

"ఇది ఎవరు తిప్పారు?"

పొడుగాయన తల దించుకుని తంతి సరిచేసుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కనబడింది మీటరాయనకు.

"నిన్నేనయ్యా. మొహం మీద చెప్పు. నా చోటు కావాలంటే అడుగు. ఈ చేతివాటం ఎందుకు?"

పొడుగాయన తలెత్తి చూశాడు. ముందు ఆయన్ని కాదు, పక్కనున్న అక్కను చూశాడు. తర్వాత ఆయన్ని.

"నేను తిప్పానంటావా అన్నా?"

"ఇంకెవరు తిప్పుతారు?"

అతను వైరు పీకేశాడు. మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టలు చుట్టలుగా చుట్టుకున్నాడు, ఒక్క చుట్ట కూడా వంకర పోకుండా. గిటారు సంచీలో పెట్టుకున్నాడు. "పద్నాలుగేళ్ళన్నా," అని మాత్రం అన్నాడు. టేబుళ్ళ మధ్య నుంచి ఎవరికీ తగలకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మిగిలిన ముప్పావుగంటా అక్క గొంతు నిలవలేదు. రెండు పాటల్లో మాటలు మరిచిపోయింది. పాపం, పొడుగాయన చేసిన ద్రోహానికి బాధపడుతోందనుకున్నాడు మీటరాయన.

బేస్ లేకుండా వాయించడమంటే అడుగు లేని బిందెలో నీళ్ళు పోసినట్టే. అయినా ఆయనకొక శాంతి. మర్నాడు శనివారం నుంచి మూడు కార్యక్రమాలు, గీత చెక్కుచెదరలేదు. నాలుగోసారి విరామం తర్వాత వచ్చి చూశాడు. మీట నాలుగు దగ్గర ఉంది.

పొడుగాయన లేడు. గీత విరిగింది. అంటే ముప్పయ్యొక్కేళ్ళలో ఒక్కసారి కూడా జరగనిది జరిగింది, తప్పు ఇంటికి నోటీసు అంటించాడు.

తర్వాతి సారి విరామంలో టీ దగ్గరికి వెళ్ళినట్టే వెళ్ళి, పక్క తలుపులోంచి వచ్చి పెద్ద పూలకుండీ వెనక నిలబడ్డాడు. డ్రమ్ములమ్మాయి వచ్చి నీళ్ళసీసా తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత అక్క వచ్చింది. చుట్టూ చూసింది. జుట్టు కిందికి చెయ్యి పోనిచ్చి చెవి వెనక ఏదో నొక్కింది. సన్నగా ఈల వినబడి ఆగిపోయింది. వంగి, మోకాలి నొప్పికి కుర్చీ పట్టుకుని, ట్రెబుల్ మీటను మెల్లగా తిప్పింది. గీత సంగతి ఆవిడకు తెలుసు. వేలితో దాన్ని తడిమి, మళ్ళీ అతుక్కుంటుందేమోనన్నట్టు ఒక్క క్షణం అదిమి పట్టింది.

మీటరాయన బయటికి రాలేదు. ఆవిడ వెళ్ళిపోయాక వచ్చి, మీటను ముట్టుకోకుండా, నాలుగు దగ్గరే ఉంచి వాయించాడు.

మర్నాడు పొద్దున అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వంటగదిలో కూరగాయలు తరుగుతోంది. వెనకనుంచి "అక్కా" అన్నాడు. పలకలేదు. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అన్నాడు. పలకలేదు. ముందుకు వచ్చి నిలబడితే ఉలిక్కిపడి కత్తిపీట జరిపింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు, తన చెవి ముట్టుకుని చూపిస్తూ.

ఆవిడ ఫ్రిజ్ మీదున్న చిన్న డబ్బా తీసి, అందులోంచి చెవి మిషన్ తీసి పెట్టుకుంది. ఈల మళ్ళీ ఒకసారి పలికింది.

"ఎనిమిది నెలలు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది ఈ మిషన్‌తో పర్వాలేదు. నీ పెళ్ళామే తీసుకెళ్తోంది డాక్టరు దగ్గరికి."

"దర్జీ!" అన్నాడు ఆయన.

"ఆ పాత డొక్కు నేల మీద ఉండి కాళ్ళకి కొట్టేదిరా. హాయిగా ఉండేది. ఈ కొత్తదాన్ని తెచ్చి సరిగ్గా ఈ చెవి వైపే కుర్చీ మీదికి ఎక్కించి పెట్టావు. నువ్వు తీగ మీటినప్పుడల్లా సూది దింపినట్టుంటుంది. పాట మధ్యలో ప్రాణం పోతుంది."

"ఒక్క మాట చెప్తే జరిపేవాణ్ణి కదా!"

"నీకా?" అక్క నవ్వింది, నవ్వులో నవ్వు లేదు. "నీకు చెప్తే ఏం చేస్తావో నాకు తెలీదూ? ఆ రోజునుంచీ నా నోటివంక చూస్తూ కూర్చుంటావు, స్వరం ఎక్కడ జారుతుందా అని. బాగా పాడినా నమ్మవు. నలభై ఏళ్ళు పాడినదాన్ని, నా తమ్ముడి దగ్గర తనిఖీకి నిలబడమంటావా?"

ఆయన ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మరి పొడుగాయన?"

అక్క కత్తిపీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "అతనికి తెలుసు. మొదటి వారమే నేను తిప్పుతుంటే చూశాడు. చెప్పొద్దని దణ్ణం పెట్టాను. మేనేజరుతో మాట్లాడింది కూడా నా కోసమే, నిలబడే చోటు ఇంకాస్త వెడల్పు చెయ్యమని." "నువ్వు అందరిముందూ అడిగినప్పుడు అతను నావైపు చూశాడ్రా. చెప్పమంటావా అన్నట్టు. నేను తల దించుకున్నాను. నువ్వు అనుమానమే పడ్డావు, నేను అబద్ధం నిలబెట్టాను. నాదే పెద్ద తప్పు."

ఆవిడే లేచి, "పద, ఇద్దరం వెళ్దాం," అంది.

పళ్ళ వర్క్‌షాపులో పొడుగాయన బల్లమీద దీపం కింద ఒక పన్నుకు రంగు కలుపుతున్నాడు. వీళ్ళను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. అక్క ముందు మాట్లాడింది. తర్వాత మీటరాయన తాను దారంతా కూడబెట్టుకున్నదంతా మరిచిపోయి, "తప్పయిపోయింది," అన్నాడు.

పొడుగాయన కుంచె కడిగి పక్కన పెట్టాడు. "నువ్వు అనుమానించినందుకు నాకు కోపం లేదన్నా. నిన్ను నేను పద్నాలుగేళ్ళుగా ఎరుగుదును, ఉప్పు డబ్బా మీద ఉప్పని రాసున్నా రుచి చూసిగానీ వెయ్యవు. కానీ పక్కకి పిలిచి అడగొచ్చు. ఆ టేబుళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఇద్దరు నా దగ్గర పళ్ళు చేయించుకున్నవాళ్ళే. దొంగన్నట్టు చూశారు."

"తిరిగి వచ్చెయ్యి."

"రాలేను. వేరే వాళ్ళకి మాటిచ్చేశాను. వాళ్ళతో ఏడాది వాయించాలి."

అబద్ధమేమో, కోపాన్ని మాట మీద పెట్టి చెబుతున్నాడేమోనని మీటరాయనకు పాత అలవాటు కొద్దీ లోపల ఏదో కదిలింది. అడగబోయి ఆగాడు. ఆగడం ఆయనకు కష్టంగానే ఉంది.

బుధవారం మధ్యాహ్నం అక్కే స్వయంగా మేనేజరు దగ్గరికి వెళ్ళి చెవి సంగతి చెప్పింది. ఉద్యోగం ఊడుతుందని ఎనిమిది నెలలు దాచిన విషయం. మేనేజరు అంతా విని, "మరి టైమింగ్ నాలుగు నుంచి ఆరేగా, మారదుగా?" అన్నాడు. మారదంది. "సరేనండి," అని ఆయన మళ్ళీ ఫోను తీసుకున్నాడు.

యాంప్‌ని కుర్చీ మీంచి దించారు. అక్క కుడివైపు, వినబడని చెవి పక్కకు మార్చి, నేల మీద కింద మడత పెట్టిన తువ్వాలు వేసి వెనక్కి ఒరిగించి పెడితే, మూల టేబులుకు కూడా బాగానే వినబడింది. దానికి వెనకవైపు మైకుకోసం ఇంకో కన్నం కూడా ఉందని మీటరాయన ఇన్నాళ్ళూ గమనించనే లేదు. లోపలంతా విప్పి చూసిన మనిషి! అలాంటి యాంపే ఇంకొకటి, ఇంకా చిన్నది కొన్నాడు. అక్క గొంతును అందులోకి పంపి, ఎడమవైపు ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. తన గొంతు తనకు తిరిగి వినబడేసరికి అక్క మొదటి పాటలో ఒక చరణం ఆపేసి నిలబడిపోయింది. ఏమైందోనని అందరూ చూశారు. "ఏం లేదు, నన్ను నేను విని చాన్నాళ్ళయింది," అంది మైకులోనే.

ఆ తర్వాత ఆవిడ ఇంకో ఏడాదీ నాలుగు నెలలు పాడింది. స్వరం అప్పుడప్పుడూ జారింది. జారినప్పుడల్లా మీటరాయన కిందికి చూసి వాయించాడు. మొదట్లో అలా చూడడం కోసం పళ్ళు బిగబట్టుకునేవాడు. గమనించకుండా ఉండడం ఆయనకు అలవాటు కాలేదు, కానీ గమనించింది అక్కకు తెలియనివ్వకపోవడం అలవాటయింది. మానేసే రోజు ఆవిడే నిర్ణయించుకుంది, ఎవరినీ అడగలేదు.

పొడుగాయన తన ఏడాది గడువు అయ్యాక ఒక గురువారం పొద్దున మీటరాయన ఇంటికి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. టీ తాగాడు. డ్రమ్ములమ్మాయి ఎలా ఉందని అడిగాడు. లేచి వెళ్ళబోతూ, శుక్రవారాలు తనకు ఖాళీ ఉంటోందన్నాడు.

"ఎందుకు ఖాళీ? వాళ్ళేం..." అని మొదలుపెట్టాడు మీటరాయన. భార్య వంటగదిలోంచి దగ్గింది.

"నాలుక్కి మొదలు," అన్నాడు. "మూడున్నరకల్లా రా."